రెప్ప వెంట్రుకల కుదుళ్ళలో నల్లి చేరితే ఏం చేయాలి

కళ్ళు దురద పెడుతున్నాయి, పొద్దున లేస్తే రెప్పలు అతుక్కుని ఉంటున్నాయి, రెప్ప అంచు ఎర్రబడి మండుతోంది, ఒక కంటికురుపు తగ్గేలోపు ఇంకోటి లేస్తోంది, చుక్కల మందు వేసినన్నాళ్ళు బాగుండి ఆపగానే మళ్ళీ మొదటికొస్తోంది. ఇవన్నీ మీకు ఉంటే అసలు సమస్య కంట్లో కాదు, రెప్ప వెంట్రుకల కుదుళ్ళలో ఉండొచ్చు. అక్కడ డెమోడెక్స్ అనే పురుగు ఉంటుంది. మంచంలో నల్లి కాదు, మన టమాటా రైతులు ఆకు అడుగున చూపించి నల్లి పట్టింది అంటారే, దానికి దూరపు చుట్టం, ఎనిమిది కాళ్ళది. అది ఎక్కువైపోయి రెప్పలు వాస్తే డాక్టర్లు చీటీలో డెమోడెక్స్ బ్లెఫరైటిస్ అని రాస్తారు.

దీనికి వైద్యం ఉంది. కానీ మూడు రోజులు చుక్కలు వేసి వదిలేసే వైద్యం కాదు. పనంతా రెప్ప అంచు మీద, వెంట్రుక మొదట్లో, రోజూ, కనీసం ఆరు వారాలు చేయాలి. ఈ ఒక్క మాట ముందే ఒప్పుకుంటే మిగతాదంతా సులభం.

ఇంకో మాట, పురుగు అనగానే చాలామందికి టెన్షన్, దాని వెంటే సిగ్గు. అక్కర్లేదు. ఈ పురుగు పెద్దవాళ్ళలో చాలామంది ముఖం మీద ఉంటుంది, వయసు పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ మందిలో కనిపిస్తుంది, డెబ్భై దాటినవాళ్ళలో లేనివాళ్ళే తక్కువ. శుభ్రం లేకపోవడం వల్ల వచ్చేది కాదు. 1842లోనే గుస్తావ్ సైమన్ అనే జర్మన్ చర్మవైద్యుడు దీన్ని వర్ణించాడు, అంటే కొత్త రోగం కూడా కాదు. మన మీద రెండు రకాలు బతుకుతాయి. ఒకటి 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్ల పొడుగుది, వెంట్రుక కుదురులో తల కిందికి పెట్టి ఉంటుంది. రెండోది దానికంటే పొట్టిది, రెప్ప అంచులో నూనె ఊరే గ్రంథుల లోపల దాక్కుంటుంది. గుడ్డు నుంచి చచ్చేదాకా దాని బతుకు రెండు మూడు వారాలు. ఆ లోపే కొత్తవి పుడుతూ ఉంటాయి, అందుకే వారం రోజులు కడిగి హాయిగా ఉందని ఆపేస్తే లాభం లేదు.

ముందు ఇది అదేనా చూసుకోండి

అద్దంలో చూసుకుంటే ఇది సరిగ్గా కనపడదు, ఎందుకంటే అద్దంలోకి చూసేటప్పుడు కళ్ళు తెరిచి ఉంటాం, పై రెప్ప వెంట్రుకల మొదళ్ళు మడతలో దాక్కుంటాయి. ఇంట్లో ఎవరినైనా పిలవండి. మీరు నేల వైపు చూస్తూ కూర్చుంటే వాళ్ళు పై రెప్పని ఫోన్ కెమెరాతో జూమ్ చేసి ఫోటో తీస్తారు. కంటి ముందు ఫ్లాష్ వద్దు, కిటికీ పక్కన పగటి వెలుతురు చాలు.

ఆ ఫోటోలో వెంట్రుక సరిగ్గా చర్మంలోంచి బయటికొచ్చే చోట చూడండి. ఉల్లికాడ మొదట్లో పల్చటి పొర చుట్టుకుని ఉన్నట్టు, తెల్లగా మైనంలా ఒక చిన్న గొట్టం వెంట్రుకని చుట్టుకుని ఉంటే అది డెమోడెక్స్‌కి గట్టి గుర్తు. డాక్టర్లు వీటిని కాలరెట్లు అంటారు. పురుగు మురికి, దాని గుడ్లు, రాలిన చర్మకణాలు కలిసి అలా గడ్డకడతాయి. మామూలు చుండ్రు పొట్టు అయితే జిడ్డుగా వెంట్రుక పొడుగునా ఎక్కడపడితే అక్కడ అంటుకుని ఉంటుంది. బాక్టీరియా వల్ల వచ్చిందైతే పసుపుపచ్చగా పెచ్చు కడుతుంది, ఆ పెచ్చు లాగితే కింద పుండు కనిపిస్తుంది. కొందరికి రెండు మూడు కలిసే ఉంటాయి, కాబట్టి ఫోటో చూసి మీకు మీరే తీర్పు ఇచ్చుకోకండి. చిన్నపిల్లల రెప్పలకి ఏదైనా అంటుకుని కనిపిస్తే అది పేను, ఈపి కూడా కావచ్చు. దాని వైద్యం వేరు, నేరుగా డాక్టర్ దగ్గరికే తీసుకుపోండి.

కంటి డాక్టర్ దగ్గర గడ్డం ఆనించి కూర్చోబెట్టే స్లిట్ ల్యాంప్ ఉంటుంది కదా, దాంట్లో ఈ కాలరెట్లు పెద్దగా కనిపిస్తాయి, కాకపోతే మీరు కిందికి చూస్తేనే. రద్దీ రోజున డాక్టర్ కంటిపాప, కటకం చూసి పంపించేయొచ్చు. మొహమాటపడకుండా "సార్, రెప్ప వెంట్రుకల మొదళ్ళు కూడా ఒకసారి చూడండి, దురద అక్కడే" అని అడగండి. అనుమానం ఉంటే ఒకటి రెండు వెంట్రుకలు తీసి మైక్రోస్కోప్ కింద పెట్టి పురుగుని చూస్తారు. తిరుపతిలో రుయా ప్రభుత్వ ఆసుపత్రిలో కంటి విభాగం ఉంది, అరవింద్ కంటి ఆసుపత్రి ఉంది. చిత్తూరు వాళ్ళకి వేలూరు దగ్గర కాబట్టి అక్కడి సీఎంసీ వాళ్ళ షెల్ కంటి ఆసుపత్రి కూడా అందుబాటులోనే ఉన్నట్టు.

మన దగ్గర ఈ దారి మధ్యలోనే తెగిపోతుంది, ఎక్కడంటే మెడికల్ షాపు దగ్గర. "అన్నా, కళ్ళు దురద పెడతా ఉండాయి, ఏదన్నా చుక్కల మందు ఇయ్యన్నా" అంటాం, ఆయన ఒక సీసా ఇస్తాడు, రెండు రోజుల్లో ఎరుపు పోతుంది, ఆ షాపాయన చేతి వాసి మంచిదని పది మందికి చెప్తాం. ఆ సీసా మీద డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసోలోన్ అనే పేర్లు ఉన్నాయేమో చూడండి. ఉంటే అది స్టెరాయిడ్. వాపు అణచేస్తుంది, పురుగుని ఏమీ చేయదు. నెలల తరబడి వాడితే కంట్లో ప్రెషర్ పెరిగి కంటి నరాన్ని దెబ్బతీసే గ్లకోమా రావొచ్చు, శుక్లం తొందరగా రావొచ్చు. గ్లకోమాతో పోయిన చూపు తిరిగి రాదు. డాక్టర్ కొన్నాళ్ళకి స్టెరాయిడ్ రాస్తే వాడండి, ఆయన చెప్పిన రోజున ఆపండి, మిగిలిన సీసాని ఫ్రిజ్‌లో దాచి వచ్చే ఏడాది వాడొద్దు.

ఇంటి వైద్యాల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. ఎముక విరిగితే పుత్తూరు కట్టుకి పోవడం మనకి అలవాటు, కంటికి అలాంటి కట్టు ఏదీ లేదు. తేనె, తల్లిపాలు, నందివర్ధనం రసం, ఆముదం, ఏదీ కంట్లో పోయొద్దు. ఇంట్లో పట్టిన కాటుకైనా సరే ఈ ఆరు వారాలు బంద్. ఇంకో అనుమానం కూడా విన్నాను, కొండ మీద గుండు చేయించుకుంటే తలలో పేలు పోతాయి కదా, అట్లా రెప్ప వెంట్రుకలు కత్తిరిస్తే ఇది పోదా అని. పోదు. పురుగు ఉండేది వెంట్రుక కొసన కాదు, చర్మం లోపల కుదురులో. కత్తెర కంటి దగ్గరికి తేవద్దు.

రాత్రి చేసే పని

పడుకోబోయే ముందు చేయండి. ఈ పురుగుకి వెలుతురు పడదు, చీకట్లోనే కుదురులోంచి పైకి వచ్చి తిరుగుతుంది, జతకడుతుంది. అందుకని రాత్రి రెప్ప అంచు శుభ్రంగా ఉండడం ముఖ్యం. కాంటాక్ట్ లెన్సులు ఉంటే ముందు తీసేయండి, చేతులు సబ్బుతో కడుక్కోండి, గోళ్ళు పొడుగుంటే కత్తిరించుకోండి.

మొదట కాపడం. ఉతికిన మెత్తటి నూలు గుడ్డని వేడి నీళ్ళలో ముంచి, పిండి, మణికట్టు లోపలి వైపు ఆనించి చూసి, హాయిగా ఉందనిపిస్తేనే మూసిన కళ్ళ మీద వేసుకోండి. చల్లారితే మళ్ళీ ముంచండి. ఐదు నుంచి పది నిమిషాలు. దీంతో గట్టిపడిన మైనం, గ్రంథుల్లో పేరుకున్న నూనె మెత్తబడతాయి, అంతే. కాపడంతో పురుగు చచ్చిపోదు, అది చచ్చేంత వేడి పెడితే మీ రెప్ప కాలుతుంది. ఇస్త్రీపెట్టె మీద గుడ్డ వేడిచేసి కళ్ళకి పెట్టుకునేవాళ్ళు ఉన్నారు, ఆ పని మాత్రం చేయకండి.

కాపడం తీయగానే పై రెప్పని కిందికి, కింది రెప్పని పైకి, అంటే వెంట్రుకల వైపు, వేలితో నెమ్మదిగా నాలుగైదు సార్లు నిమరండి. కనుగుడ్డు మీద బలం పడకూడదు.

ఆ తర్వాత కడగడం. రెప్పల కోసం తయారుచేసిన తడి వైప్స్, ఫోమ్ పెద్ద మెడికల్ షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. వాటిలో టీ ట్రీ నూనె (ఒక చెట్టు ఆకుల నుంచి తీసేది) గానీ, దాంట్లోంచి తీసిన టెర్పినెన్-4-ఓల్ గానీ ఉన్నది డాక్టర్‌ని అడిగి తీసుకోండి. కళ్ళు మూసుకుని, వైప్‌ని వేలికి చుట్టుకుని, వెంట్రుకల మొదట్లో పక్కలకి, ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు, ఒక్కో రెప్పకి అర నిమిషం రుద్దండి. చాలామంది ఇక్కడే తేలిపోతారు, రెప్ప మీద తుడుస్తారు, వెంట్రుకల కొసలు తుడుస్తారు, మొదలు మాత్రం వదిలేస్తారు. వైప్ వెంట్రుక పుట్టే గీత మీదే నడవాలి. కింది రెప్పని కూడా మర్చిపోవద్దు. రెండో కంటికి కొత్త వైప్ గానీ కొత్త మడత గానీ వాడండి. కాలరెట్లు మొదటి రోజే ఊడిరావు, గోటితో గిల్లకండి, రోజులు పోయేకొద్దీ అవే రాలతాయి. వైప్ ప్యాకెట్ మీద కడిగేయమని ఉంటే కడగండి, వదిలేయమని ఉంటే వదిలేయండి. అదే ఊపులో కనుబొమ్మలు, నుదురు, ముక్కు పక్కలు మామూలు ఫేస్‌వాష్‌తో కడుక్కోండి, అక్కడా ఇవి ఉంటాయి. పొద్దున లేచాక ఇంకోసారి రెప్పలు శుభ్రం చేసుకుంటే మరీ మంచిది, కాపడం లేకపోయినా ఫర్వాలేదు.

బేబీ షాంపూ నీళ్ళలో కలిపి తుడుచుకోమని పాతకాలం నుంచీ చెప్తారు. పొట్టు పోతుంది, తప్పేమీ లేదు, కానీ పురుగు మీద దాని ప్రభావం పెద్దగా ఉండదు. వైప్స్ కొనలేకపోతే ఏమీ చేయకపోవడం కంటే అదే నయం. హైపోక్లోరస్ ఆసిడ్ స్ప్రేలు కూడా ఉంటాయి, అవి ముఖ్యంగా బాక్టీరియా మీద పనిచేస్తాయి.

టీ ట్రీ నూనె సీసా ఇంటికి తెచ్చే ముందు

ఆన్‌లైన్‌లో నూటికి నూరు శాతం స్వచ్ఛమైనది అని చిన్న సీసాల్లో అమ్ముతారు. ఆ నూనెని నేరుగా రెప్పకి రాస్తే కన్ను మండి, చర్మం కాలి, నల్లగుడ్డు పైపొర దెబ్బతినే ప్రమాదం ఉంది. 50 శాతం గాఢత ఉన్నది డాక్టర్లు తమ చేత్తో, కంటికి మత్తు చుక్కలు వేసి, ఆసుపత్రిలో చేసే పని. ఇంట్లో కొబ్బరినూనెలో ఇన్ని చుక్కలు కలపండి అని వీడియోల్లో చెప్పే లెక్కలు నమ్మకండి, మీ సీసాలో ఎంత గాఢత ఉందో వాళ్ళకి తెలియదు, చుక్క సైజు కూడా సీసాకో రకం. తయారుగా దొరికే రెప్పల వైప్సే వాడండి. వాటిని కూడా ముందు చేతి మడత దగ్గర రాసి ఒక రోజు చూడండి. రెప్ప మీద కాసేపు చల్లగా చురుక్కుమనడం మామూలే, కానీ మంట తగ్గకుండా ఎరుపు పెరుగుతుంటే ఆపేసి డాక్టర్‌కి చెప్పండి. ఆ నూనె పొరపాటున పిల్లలు తాగితే విషం, అందని చోట పెట్టండి.

ఇంకో విషయం దాచకుండా చెప్పాలి. 2020లో, వైద్య పరీక్షల ఫలితాలని కలిపి సమీక్షించే కోక్రేన్ సంస్థ టీ ట్రీ నూనె మీద జరిగిన ఆరు పరీక్షలని కలిపి చూసి, కొద్దికాలం వాడకంలో ఎంత మేలు చేస్తుందో గట్టిగా చెప్పలేమని, వాడితే తక్కువ గాఢతదే మేలని తేల్చింది. ల్యాబ్‌లో పెంచిన రెప్ప గ్రంథుల కణాలకి టెర్పినెన్-4-ఓల్ హాని చేసినట్టు కూడా కనిపించింది. అంటే ఎక్కువ రాస్తే ఎక్కువ మేలు అనుకోవడానికి లేదు. నా మట్టుకు నాకు, నూనె కంటే రోజూ వెంట్రుక మొదలు ఓపిగ్గా తుడవడమే సగం వైద్యం.

డాక్టర్ రాసే మందులు

ఈ పురుగు కోసమే తయారైన మొదటి చుక్కల మందు లోటిలానర్, 0.25 శాతం. అమెరికాలో మందులకి అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2023 జూలైలో అనుమతి ఇచ్చింది, అక్కడ ఎక్స్‌డెమ్వి పేరుతో అమ్ముతారు. రోజుకి రెండుసార్లు, ఆరు వారాలు. అనుమతికి ఆధారమైన రెండు పెద్ద పరీక్షల్లో కాలరెట్లు దాదాపు పూర్తిగా పోయినవాళ్ళు ఒకదాంట్లో 44 శాతం, ఇంకోదాంట్లో 56 శాతం, మందు లేని చుక్కలు వేసుకున్నవాళ్ళలో 7, 13 శాతం. మందు బాగానే పనిచేస్తుందనడానికి ఇది చాలు, అయినా ఆరు వారాల్లో అందరికీ పూర్తిగా పోలేదన్నది కూడా గమనించండి. ఇదే లోటిలానర్‌ని మాత్రల రూపంలో కుక్కలకి పిడుదులు పోవడానికి ఇస్తారు. అలాగని పెంపుడు జంతువుల షాపుకి పోయి ప్రయోగాలు చేయొద్దు, అది వేరు, ఇది వేరు.

ఐవర్‌మెక్టిన్ పేరు కోవిడ్ రోజుల నుంచి అందరికీ తెలుసు, ఆవులు గొర్రెలు ఉన్నవాళ్ళకి అంతకుముందే తెలుసు. మొండిగా ఉన్న కేసుల్లో డాక్టర్లు ఆ మాత్ర రాస్తారు, మోతాదు మనిషి బరువుని బట్టి ఉంటుంది, ఒకసారి వేసుకుని వారం తర్వాత ఇంకోసారి అని చెప్పడం ఎక్కువ. గర్భిణులకి, 15 కిలోల లోపు పిల్లలకి ఇవ్వరు. పశువుల డాక్టర్ దగ్గరి ఇంజెక్షన్ మందుని రెప్పకి పూసుకునే ఆలోచన ఎవరైనా ఇస్తే వినకండి. గజ్జికీ పేలకీ రాసే పెర్మెత్రిన్ కూడా కంటి దగ్గరికి రాకూడదు, ఇక పొలానికి కొట్టే నల్లి మందు సంగతి చెప్పనే అక్కర్లేదు.

వీటితోపాటు అజిత్రోమైసిన్, డాక్సీసైక్లిన్ లాంటివి రాస్తే పురుగుని చంపడానికని కాదు, దాంతోపాటు చేరిన బాక్టీరియాకి, రెప్ప గ్రంథుల వాపుకి. కన్ను పొడిబారి ఉంటే కన్నీటి చుక్కలు కూడా ఇస్తారు.

ఇంట్లో, ముఖం మీద

దిండు గలీబులు, ముఖం తుడుచుకునే తువ్వాళ్ళు వారానికి ఒకటి రెండుసార్లు వేడి నీళ్ళలో ఉతికి మిద్దె మీద ఎండలో ఆరేయండి, మన ఎండలు ఈ ఒక్క పనికైనా ఉపయోగపడతాయి. తువ్వాలు ఎవరిది వాళ్ళదే. వాడుతున్న కాటుక, మస్కారా, ఐలైనర్ పడేసి, తగ్గాక కొత్తవి కొనుక్కోండి. పెళ్ళిళ్ళ సీజన్‌లో పార్లర్‌లో అతికించే రెప్ప వెంట్రుకలు వద్దు, వాటి జిగురు కింద శుభ్రం చేయడం కుదరదు. రాత్రి తలకి నూనె పెట్టుకుని పడుకునే అలవాటు ఉంటే నుదుటి మీదికి కారకుండా చూసుకోండి. ఒకే మంచం మీద పడుకునే భార్యకో భర్తకో కూడా కళ్ళు దురద ఉంటే వాళ్ళనీ చూపించండి, లేకపోతే అనవసరంగా వైద్యం చేయొద్దు.

ముఖానికి తెల్లబడే క్రీములు రాసేవాళ్ళు ఇది కాస్త జాగ్రత్తగా చదవండి. షాపులో చీటీ లేకుండా ఇచ్చే చాలా క్రీముల్లో స్టెరాయిడ్ ఉంటుంది, ట్యూబ్ మీద బీటామెథసోన్, మొమెటసోన్, క్లోబెటసోల్ అని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడి ఎర్రబడుతుంది, అక్కడి రక్షణ తగ్గి ఇదే పురుగు విపరీతంగా పెరుగుతుంది. బుగ్గలు ఎర్రగా, చిన్న చిన్న పొక్కులతో ఉండి కళ్ళు కూడా దురద పెడుతుంటే కంటి డాక్టర్ ఒక్కరే చాలరు, చర్మ డాక్టర్‌కి కూడా ఆ ట్యూబ్ పట్టుకెళ్ళి చూపించండి. ఒక్కసారిగా ఆపితే ముఖం ఇంకా మండుతుంది, ఎలా తగ్గించాలో ఆయన చెప్తారు.

మొదటి వారం కొందరికి దురద పెరిగినట్టు ఉంటుంది, కంగారుపడి ఆపేయొద్దు. మూడో వారానికి పొద్దున పూట హాయి తెలుస్తుంది. చాలామంది ఆపేసేది అప్పుడే, ఆపకూడనిది కూడా అప్పుడే. ఆరు నుంచి ఎనిమిది వారాలు అయ్యాక డాక్టర్ చూసి సరే అంటే రోజూ చేసేదాన్ని వారానికి రెండు మూడు రాత్రులకి తగ్గించుకోవచ్చు. ఒక్క పురుగు కూడా మిగలకూడదు అని పట్టుబట్టకండి, అది కాని పని, అవి తక్కువగా ఉండి మిమ్మల్ని ఇబ్బంది పెట్టకపోతే చాలు.

చూపు మసకబారినా, వెలుతురు చూడలేకపోయినా, కన్ను లోపల నొప్పి ఉన్నా ఈ పద్ధతులన్నీ పక్కనపెట్టి ఆ రోజే డాక్టర్ దగ్గరికి పోండి, నల్లగుడ్డుకి పుండు పడి ఉండొచ్చు. వెంట్రుకలు లోపలికి మళ్ళి కంటికి గీసుకుంటున్నా అంతే. పెద్దవయసు వాళ్ళకి ఒక్క రెప్ప మీదే గడ్డ వచ్చి, మానకుండా, తీసేసినా అదే చోట మళ్ళీ లేస్తూ, అక్కడి వెంట్రుకలు రాలిపోతుంటే అది కురుపు అనుకుని కూర్చోవద్దు, రెప్ప గ్రంథుల క్యాన్సర్ కూడా అలాగే మొదలవుతుంది, ముక్క పరీక్ష చేయించాలి.

ఇంట్లో పెద్దవాళ్ళకి శుక్లం ఆపరేషన్‌కి తేదీ ఇచ్చి ఉండి, రెప్పల నిండా ఈ పొట్టు ఉంటే, ఆ మాట ఆపరేషన్ రోజు దాకా ఆపకుండా ముందే చెప్పండి. వాపు, పొట్టు ఉన్న రెప్పలతో ఆపరేషన్ చేస్తే కంట్లోకి ఇన్‌ఫెక్షన్ పోయే ప్రమాదం పెరుగుతుంది. డాక్టర్ ఆపరేషన్ కొన్ని వారాలు వెనక్కి జరిపితే విసుక్కోకుండా ఆ వారాల్లో రెప్పలు శుభ్రం చేయించండి.